బరువే పట్టి ఆపుతది

మంగళవారం, ఉనైజా (సౌదీ)

లేదు, బరువుంటే జారుతరని ఎవలన్న అంటే నేనైతే ఒప్పుకోను. బరువే పట్టి ఆపుతది. ఇయ్యాల ఖర్జూర తోటల అదే చూసిన.

మాతోని తోటల పనికొచ్చిన శీనన్న మొన్నటిదాక మేస్త్రి పని చేసినోడు. చెట్టెక్కుడు ఇయ్యాలనే మొదలు. నడుముకు, చెట్టుకు కలిపి తాడు కట్టుకొని ముగ్గురు మనుషులెత్తు పోయిండు. కిందికి చూసి భయపడి చెట్టును గట్టిగ కావలిచ్చుకున్నడు. తాడు వదులైంది, కాళ్లు జారుడు షురువైంది.

"తమ్మీ, నేను పడిపోతున్న రా!" అని ఒర్రిండు.

నేను నలుగురిల నోరే తెరువ. కానీ మా బాపు తాటిచెట్లెక్కేటోడు, నాకు ఎరుకే. "అన్నా, చెట్టును ఇడిసిపెట్టు! ఎనుకకు ఒరుగు, బరువంత తాడు మీద ఎయ్యి!" అని మొత్తుకున్న.

"పిచ్చి లేసిందారా? ఇడిసిపెడితే సస్త!"

"ఇడువకుంటెనే పడ్తవ్! కాళ్లు చెట్టుకు తన్నిపెట్టి ఒరుగు!"

కండ్లు మూసుకొని ఒరిగిండు. తాడు చెట్టును కరిచి పట్టింది, కాళ్లు ఆగినయ్. మెల్లగ దిగినంక "నీకు నోరున్నదారా!" అని నవ్విండు.

బడిల సారు దీన్నే ఘర్షణ అన్నడు. ఏడో తరగతిల బడి బందైంది, గా పేరొక్కటే యాదికుంది. మిగిలిందంత బాపు నేర్పిందే.

రేపు కొత్తోళ్లందరికి నన్నే చెప్పుమన్నడు తోట ముదీర్, అదే మా మేనేజరు. చెప్త, నలుగురిలనైనా చెప్త. ఒక్కటే రంధి... నువ్వు పైన భయంతోని ఉంటే, కిందినుంచి నా అసుంటి పోరడు చేతులిడువుమంటే, ఇడుస్తవా?