ఒక్క చుక్క తేడా

జూన్ 9
ఏడోసారి కూడా రియాక్షన్ నడవలేదు. రియాక్షన్‌ని నడిపించే ఈ కేటలిస్ట్ తయారుచేసింది మా బావ. పాత బిల్డింగ్‌లో ఆయన ల్యాబ్. కొత్త బిల్డింగ్‌లో దాన్ని సరిచూసే పని నాది. నలభై నిమిషాల్లో రంగు పోతుందని ఆయన నోట్‌బుక్‌లో ఉంది. ఆరు గంటలు చూశాను. పసుపు పసుపుగానే ఉంది.
పనిచెయ్యదని రిపోర్ట్ రాసి డైరెక్టర్‌కి ఇచ్చేశాను.

జూన్ 12
దొంగ రీడింగులు రాశాడని బావని తీసేశారు. పదమూడేళ్ళ సర్వీసు. నన్ను ఇక్కడ చేర్పించింది ఆయనే. అక్క ఫోన్ చేసి, నీ చేత్తోనే రాశావా అని అడిగింది. అవునన్నాను. పెట్టేసింది.
ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. గ్లాస్‌వేర్ కడిగాను.

జూన్ 13
ఏమీ లేదు.

జూలై 2, మధ్యాహ్నం మూడు
బావ కేటలిస్ట్ మిగిలింది పారెయ్యమన్నారు. పారేసే ముందు ఇంకోసారి పెట్టాను. ఎందుకో తెలియదు. కేటలిస్ట్‌ని కరిగించే సాల్వెంట్, సీలు వేసింది, అయిపోయింది. ఆయన బల్ల కింద సగం సీసా ఉంటే అదే పోశాను. మూత వదులు. వారంగా వాన.
ముప్పై ఎనిమిది నిమిషాలకి రంగు పోయింది.

జూలై 4
నీళ్ళు. అంతే. గాలిలో తేమ సాల్వెంట్‌లోకి దిగింది. కొత్త సీసా తెప్పించి, కావాలనే ఒక చుక్క నీళ్ళు వేశాను. రంగు పోయింది. చుక్క వెయ్యని ఫ్లాస్క్ అలాగే ఉంది. నాలుగుసార్లు చేశాను.
పాత బిల్డింగ్‌లో గోడలన్నీ చెమ్మే. అది సాయం చేస్తోందని ఆయనకీ తెలిసుండదు. నేను తేమ తగలకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. ఆ జాగ్రత్తే ఆయన కొంప ముంచింది.

జూలై 5
అక్క తలుపు తీసింది. కూర్చోమనలేదు. బావ స్టూలెక్కి ఫ్యాన్ తుడుస్తున్నాడు. అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. దిగకుండానే అడిగాడు.
"ఎంత వేశావు?"
"లీటరుకి మూడు మిల్లీలీటర్ల లెక్కన."
"రెండు వేసి చూడు. ఎక్కువైతే మళ్ళీ మందగిస్తుందేమో."
"ఉద్యోగం సంగతి అడగరేంటండీ?" అంది అక్క.
ఆయన ఇంకో రెక్క తుడవడం మొదలుపెట్టాడు.

జూలై 8
రెండు వేశాను. ఇరవై ఆరు నిమిషాలు.
ఫైలు మూసేశామన్నాడు డైరెక్టర్. తెరవాలంటే నా రిపోర్ట్ తప్పని నేనే రాసివ్వాలట. అప్పుడు పోయేది నా ఉద్యోగమని, ఆలోచించుకోమని మెల్లగానే చెప్పాడు.

జూలై 15
రాసిచ్చాను. బావని సోమవారం రమ్మన్నారు. నన్ను రావద్దన్నారు.
బయటికొచ్చాక ఆకలేసింది.