అమావాస్య నాడు ఆడే ఊపిరి

అమావాస్య, బుధవారం

అద్దకానికి సెలవు కాబట్టి ఇవాళ విజయవాడ వెళ్లి ఊపిరితిత్తుల డాక్టరమ్మకు చూపించుకున్నాను. నా ఆయాసానికీ, పిల్లికూతలకీ ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ పొగే కారణమని ముందే తేల్చి చెప్పేశాను. ఆవిడ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఇవాళ పిల్లికూతలేం లేవే?" అంది.

"అమావాస్య కదండీ. అద్దకం పని ఉండదు, పూజ చేసుకుంటాను. ఆ రోజు ఎప్పుడూ హాయిగానే ఉంటుంది."

"మిగతా రోజులు రంగు పొడి ఎవరు తూస్తారు?"

"నేనేనండీ. ఆవిరి పడదని రంగు మరిగే బాన దగ్గర మూతికి గుడ్డ కట్టుకుంటాను. పొడి గదిలో విప్పేస్తాను."

"సరిగ్గా తిరగేశారు. మీరు రంగేసే పట్టులో ఉన్నట్టే ఊపిరితిత్తుల్లోనూ ప్రోటీన్లుంటాయండీ. పట్టుకు అంటుకున్నట్టే ఆ పొడి వాటికీ అంటుకుంటుంది. అప్పుడు ఒళ్లు వాటిని పరాయివనుకుని తిరగబడుతుంది. అదే మీ ఆయాసం."

రంగు అంటుకోవడం గురించి ముప్పై ఏళ్ల అద్దకంవాడికి ఒకరు చెప్పాలా! నాకు వెంటనే అర్థమైంది. రేపటినుంచి పొడి గదిలో అడుగు పెట్టను. నీళ్లలో కలిపిన రంగే తెప్పిస్తాను. చెయ్యి తిరిగినవాణ్ణి, ఆ మాత్రం పద్ధతి మార్చుకోలేనా?

లేవబోతూ, "ఇది ఎన్నాళ్లకి వదులుతుందండీ?" అని అడిగాను.

"అంటుకున్నది పోతుంది గానీ, ఒళ్లు మాత్రం దాన్ని మర్చిపోదు. చిటికెడు పొడి తగిలినా మళ్లీ మొదలే. మీ రంగు ఎన్ని ఉతుకులకి వెలుస్తుందేమిటి?"

కొట్లో ఎవరడిగినా చెప్పినట్టే, ఛాతీ విరుచుకుని చెప్పేశాను: "చీర చిరిగినా నా రంగు వెలవదండీ!"