యముడి కిరీటంలో రాయి

ఆదివారం రాత్రి, కోడంబాక్కం

రేపు నాన్నకు గుండె ఆపరేషన్. నా అదృష్టపు ఎర్రరాయిని ఆయన చేతిలో పెట్టాను. చిన్నప్పుడు జ్వరంలో నాకు యముడు కనిపించాడు. నన్ను చూసి ఏడ్చి వెళ్లిపోయాడు. తెల్లారి పక్కమీద ఈ రాయి దొరికింది. అప్పటినుంచి ఇది లేకుండా ఏ పరీక్షకూ వెళ్లలేదు.

నాన్న రాయిని తిప్పి చూసి నవ్వాడు.

"ఇది నా కిరీటంలోది గదా పాపా! ఆ దినం షూటింగులో యముడి వేషం నాదే. నీకు జొరం ఎక్కువైందంటే, వేషం తీయకుండానే ఆడనించి పరిగెత్తుకొచ్చినా."

"మరి ఎందుకేడ్చావు నాన్నా?"

నాన్న మాత్రలు ఇమ్మన్నాడు.

రాయి ఇప్పుడు ఆయన దిండు కింద ఉంది. రేపు అసలు యముడే వస్తే, ఆయనకీ ఓ కూతురుంటే బాగుండును...