ముట్టు గుడిసెలో అక్క

చిత్తూరు,
సోమవారం

మా అక్కకు నిజంగా రక్తం పోతుంటే, నాటకమనుకుని నువ్వు చేను చూసుకోవడానికి పోయావు. నువ్వు చేసిన తప్పు ఇది బావా. క్షేమసమాచారాలు తరువాత.

నిన్న మా నూనె మిల్లుకు సెలవు గనుక వడమాలపేటకు వచ్చాను. నువ్వు లేవు. మీ అమ్మ వాకిట్లో చింతపండు కొడుతూ, "మీ అక్క ఇంట్లో లేదు నాయనా, దొడ్లో ఉండాది" అంది. గుడిసెకు దూరంగా నిలబడి, "ఈ నెల వేషం ఎన్ని దినాలక్కా?" అని ఎగతాళి చేశాను. అక్క పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. "వేషం గాదురా. నిజంగానే వచ్చింది" అంది.

పోయిన ఏడు మదరాసు ఆస్పత్రిలో గడ్డలతోపాటు అండకోశాలు రెండూ తీసేసి, ఇక ముట్టు రాదని డాక్టరమ్మ మనిద్దరికీ చెప్పింది. ఒంట్లో మంటలూ చెమటలూ తగ్గాలని మాత్రలిచ్చింది. ముట్టు ఆగిపోయిందని తెలిస్తే మీ అమ్మ తన తమ్ముడి కూతుర్ని నీకు రెండో పెళ్లాంగా తెస్తుందని భయపడి, అక్క నెలనెలా ఉత్తినే గుడిసెలో కూర్చుంటోంది. ఆ సంగతి మన ముగ్గురికే తెలుసు. అట్లాంటప్పుడు ఈసారి ఇన్నాళ్లుగా ఇంట్లోకి రాకుంటే ఎందుకని అడగవా? గుడిసె ముందర అన్నం పెట్టిపోతే మొగుడి పని తీరిపోయిందా?

రాదన్న రక్తం వచ్చింది. తిరుపతిలో ఆడ డాక్టరుకు చూపించు. ఎప్పుడు తీసుకుపోతావో రాయి.

మునిరత్నం


వడమాలపేట,
బుధవారం

ప్రియమైన మునిరత్నానికి బావ ఆదిమూలం రాసేది.

నీ కోపం న్యాయమే. నెలనెలా చూసి చూసి, ఈ నెలా అంతేననుకున్నాను. ఉత్తరం అందగానే గుడిసె దగ్గరికి పోయి అడిగాను. రక్తం తగ్గిందట. డాక్టరు దగ్గరికి మాత్రం రానంటోంది. "ఆయమ్మ మాత్రలు నిలిపేస్తే వచ్చింది కాస్తా పోతాది. దేవుడు మళ్లీ దారి సూపించినాడు, సెడగొట్టొద్దు" అని దండం పెట్టింది.

గడ్డ తీశారు, ముట్టు కొన్నాళ్లు ఆగుతుంది అని మాత్రమే కదా మనం ఆమెకు చెప్పింది. ఇప్పుడు బిడ్డ పుడుతుందని నమ్ముతోంది. నవ్వుతోంది మునిరత్నం. ఏడాదిగా నేను ఆ నవ్వు చూడలేదు. పైగా బండి కట్టాలంటే అమ్మకు కారణం చెప్పాలి. చెనక్కాయలు పెరికించడం కానీ, అప్పుడు ఏదో ఒక దారి చూద్దాం.

నీ మేలు కోరే
ఆదిమూలం


చిత్తూరు,
గురువారం

బావా,

ఏం దారి చూస్తావు? చెనక్కాయలు నేలలో ఇంకొన్నాళ్లుంటే మొలకెత్తుతాయి, అంతే. మా మిల్లులో బెల్టు కాలిన వాసన వస్తే ముందు ఇంజను ఆపుతాం, తరువాతే యజమానికి చెబుతాం. నువ్వు యజమానికి భయపడి వాసన చూస్తూ కూర్చున్నావు.

నవ్వే మనిషికి జబ్బు రాదని ఎవరు చెప్పారు నీకు? శనివారం పని మానుకుని వస్తున్నాను. మీ అమ్మతో నేనే చెబుతాను. ఆమె చీపురు తీసుకున్నా సరే.

మునిరత్నం


వడమాలపేట,
శుక్రవారం రాత్రి

ప్రియమైన మునిరత్నానికి,

ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు రేపు రానక్కరలేదు. తిరుపతికి పోయి వచ్చాం. తీసుకుపోయింది నేను కాదు, మా అమ్మ.

నిన్న పొద్దున ఎద్దుల దగ్గర నిలబడి ఆమెతో ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. ఆమే మూట కట్టుకుని వచ్చి, "బండి కట్టు. పిల్లను తిరపతికి తీసకపోవాల" అంది.

"ముట్టే గదమ్మా" అన్నాను.

"ముట్టు గుడ్డలు ఎవురు ఉతుకుతారనుకుంటివిరా? మొదటి నెలే చాకలి గంగులమ్మ వచ్చి, మీ కోడలి గుడ్డల్లో మరక లేదమ్మా అనె. నోరు మూసుకోమంటిని. ఇప్పుడు దినామూ మరకలేనమ్మా అంటా ఉండాది."

"తెలిసీ ఎందుకు ఊరకుంటివి?"

"ఆ మూడు దినాలన్నా పిల్ల నడుం వాల్చుకుంటాదని. నా తమ్ముని కూతుర్నిస్తాననుకుంటిరా? నీ మొగానికి ఒక పెళ్లామే ఎక్కువ."

డాక్టరమ్మ మత్తిచ్చి, లోపల గీకి పరీక్ష చేసింది. గర్భసంచి తీయలేదు గనుక మాత్రల బలానికి దాని లోపలి పొర పెరిగి రక్తం వచ్చిందట. చెడ్డదేమీ కనబడలేదంది. మాత్రలు తగ్గించింది. "మళ్లీ ఒక్క చుక్క కనబడినా ఆ దినమే తీసుకురండి, అన్నిసార్లూ ఇట్లాగే ఉండదు" అని గట్టిగా చెప్పింది.

ఇది మీ అక్క వసంత వినలేదు. ఇంకా మత్తులోనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో, "ఆడపిల్ల పుడితే నీ పేరే అత్తా" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. నేను ఎద్దులను అదిలించాను. కొన్నాళ్లు ఆమెను అట్లాగే ఉండనీ.

ఆదిమూలం


చిత్తూరు,
ఆదివారం

బావా,

ఉండనివ్వను. ముట్టనుకుని సంతోషపడే మనిషి, మళ్లీ రక్తం కనబడితే నీకు చెబుతుందా? గుడిసెలోకి పోయి దాచుకుంటుంది. మీ జాలి ఆమె ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ కింద రాసింది నీకు కాదు. అక్కకు చదివి వినిపించు. గుడిసెలో ఉంటే గుడిసె గడప మీద కూర్చుని చదువు. మైల నిన్నేమీ చేయదు.

అక్కా, మదరాసులో నీ అండకోశాలు రెండూ తీసేశారు. నీకు బిడ్డలు పుట్టరు. మత్తు దిగి నీకు తెలివి రాకముందే నాకూ బావకూ ఈ మాట చెప్పారు. నీ ఒంటి సంగతి నీకు తప్ప అందరికీ తెలుసు. మొన్న వచ్చింది ముట్టు కాదు, మాత్రల వల్ల వచ్చిన రక్తం. ఒక్క చుక్క మళ్లీ కనబడినా అరిచి చెప్పు. మీ అత్తకు మొదటి నుంచీ తెలుసు. ఆమె కోసం గుడిసెలో కూర్చోనక్కరలేదు. మాత్రలు ఎందుకు, ఎన్నాళ్లు అని డాక్టరమ్మను నువ్వే అడుగు. మమ్మల్ని తిట్టాలనిపిస్తే తిట్టు.

బావా, ఆమె ఏడిస్తే చదవడం ఆపి కూర్చో. ఊరడించడానికి ఇంకో అబద్ధం చెప్పకు. ఊరుకున్నాక మిగతాది చదువు. జవాబు నీ మాటల్లో వద్దు. అక్క ఏమంటే అది, తిట్లతో సహా రాసి పంపు. శుక్రవారం టపాలో నాకు అందాలి.

మునిరత్నం