వీరగల్లు మీద నీ పేరు

తమ్ముడూ,

నువ్వు జ్వరంతో పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను. తప్పులుంటే ఎప్పట్లాగే నవ్వుకో.

బాపు నీ సమాధికి రాయి పెట్టించాడు. మన గొర్ల మంద దిగే గుట్ట కింద, కాపరులంతా కత్తులు నూరుకునే పాత బండ ఉండేది కదా, అదే. అంత మంచి రాయి కొత్తకోట దాకా దొరకదని బండి కట్టి తెచ్చాడట. నేను అత్తగారింటి నుంచి వచ్చేసరికి, రాతిపని రాములు దాని మీది పాత బొమ్మలన్నీ ఉలితో చెక్కి తీసేసి, నున్నగా చేసి, నీ పేరు వేశాడు.

నీ నోటుబుక్కు తీసి బాపుకు చదివి వినిపించాను. ఆవుల మందను దొంగల నుంచి కాపాడుతూ చచ్చిపోయిన కాపరి గుర్తుగా ఊరు నిలబెట్టిన వీరగల్లు అది అని రాసుకున్నావు.

"మనసొంటోడేనా? గీ ముచ్చట వాడు నాకెందుకు చెప్పలే?" అన్నాడు బాపు.

చెప్పబోయావు. పట్నంలో పాత శిల్పాల చదువు చదువుతున్నానని నువ్వన్న రోజు, "రాళ్లను సదివి ఏం జేస్తవ్‌రా" అని అన్నం ముందు నుంచి లేచిపోయింది ఆయనే. నేనూ నవ్వాను.

బాపు రాములును పిలిపించాడు. "ఎనుక దిక్కు ఆ బొమ్మలు మళ్ల చెక్కు. ఎట్లుండెనో గట్లనే."

"నేను జూస్కుంట చెక్కేసిన్నా అన్నా? ఎట్లుండెనో జర బొమ్మ సూపియ్యి."

నీ బుక్కులో పేజీ తిప్పాను. రాయి పొడవు, వెడల్పు రాశావు. కింద 'బొమ్మ ఎండాకాలం సెలవుల్లో గీయాలి' అని ఉంది. మిగతా అంతా ఖాళీ.

చదువురాని బాపు ఆ ఖాళీ మీద వేలు పెట్టి, ఇక్కడేమున్నదో చదవమంటున్నాడు.