నాకు తెలిసిన ఒకాయన చేసిన కారు

నార్‌బీ, మిన్నెసోటా
జనవరి, మంగళవారం

లైబ్రరీ మార్లిస్ గారికి,

ఆర్విడ్ లిండ్‌క్విస్ట్ నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరూ క్షేమమే. నిన్న లైబ్రరీ కిటికీ అద్దంలోంచి చూశాను.

స్కౌట్ పిల్లల బొమ్మ కార్ల పందేనికి మీరు పంచిన డబ్బా మా మనవరాలు సిగ్నీకి అందింది. పైన్ చెక్క ముక్క ఒకటి, ప్లాస్టిక్ చక్రాలు నాలుగు, ఇరుసులకి మేకులు నాలుగు. ఇంజను లేదు. వాలు బల్ల మీద తన బరువుతో తనే పరుగెత్తాలి. అంతవరకూ అర్థమైంది.

ఒక సందేహం. నాది కాదు. నాకు తెలిసిన ఒకాయనది.

డబ్బాలో కాగితం మీద "కారు పిల్లలే చెయ్యాలి, పెద్దలు సాయం చెయ్యవచ్చు" అని ఉంది. సాయం అంటే ఎంత? ఆ ఒకాయన చెక్కని తనే రంపం మిషను మీద కోశాడు. మిషను పళ్ళు పెద్దవి, పిల్ల వేళ్ళు చిన్నవి. పిల్ల పక్కన కూర్చుని చూసింది. చూడటం కూడా చెయ్యడం కిందకి వస్తుందా?

లోపలికి వచ్చి అడుగుదామనే రెండుసార్లు వచ్చాను. మీరు తలెత్తి చూశారు. చేతికి అందిన పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాను. అందుకే ఈ ఉత్తరం పుస్తకాలు తిరిగిచ్చే కంతలో వేస్తున్నాను. జవాబు పోస్టులో పంపండి. ఫోను వద్దు. ఫోనులో నాకు మొదలుపెట్టడమూ రాదు, ఆపడమూ రాదు.

ఇట్లు,
ఆర్విడ్ లిండ్‌క్విస్ట్

తా.క. ఆ పుస్తకం తొలి కాన్పు స్త్రీలకు జాగ్రత్తల గురించినదని ఇంటికి వెళ్ళాక తెలిసింది. గడువు పొడిగించండి. సగంలో ఉన్నాను.


నార్‌బీ
గురువారం

ఆర్విడ్ గారికి,

మార్లిస్ నమస్కారాలు. మీ ఉత్తరం మూడు వంటల పుస్తకాల మధ్య నలిగి దొరికింది. ఎంత సంతోషమో! పదేళ్ళుగా మీరు లైబ్రరీకి వస్తున్నారు, మీ నోటి నుంచి నేను విన్నది "ఊ" ఒక్కటే. కాగితం మీద ఇంత మాటకారి అని తెలిస్తే ఎప్పుడో ఉత్తరం రాసేదాన్ని.

మీకు తెలిసిన ఆ ఒకాయనతో చెప్పండి: రంపం పనికి తప్పు లేదు. పిల్లల వేళ్ళు పదీ పందెం రోజుకి ఉండాలి కదా! ఇకమీదట మాత్రం ఇసుక కాగితం పిల్ల చేతికిచ్చి, తన చేతులు తన జేబుల్లో పెట్టుకోమనండి. జేబులు లేకపోతే కుట్టించుకోమనండి.

ఇంతే సంగతులు,
మార్లిస్ ట్వీట్

తా.క. గడువు పొడిగించాను. ఆ పుస్తకం తండ్రులు తీసుకెళ్ళడం చూశాను. తాతలు తీసుకెళ్ళడం ఇదే మొదలు. బాబో పాపో తెలియజేయండి.


నార్‌బీ
ఆ పై బుధవారం

మార్లిస్ గారికి,

నమస్కారాలు. చలి ఎక్కువగా ఉంది. అంతకుమించి క్షేమం.

ఆయన మీరు చెప్పినట్టే ఇసుక కాగితం పిల్లకిచ్చాడు. పిల్ల రుద్దింది. బాగానే రుద్దింది. పిల్ల బడికి వెళ్ళాక ఆయన చూస్తే ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తుంది. వెంట్రుకే కదా అని సరిచేశాడు. అప్పుడు రెండో పక్క ఎత్తయింది. అలా ఆయన సరిచేస్తూ పోగా కారు బాగా సన్నబడింది.

తర్వాత మేకులకి మెరుగు పెట్టాడు. చక్రాలు జారడానికి గ్రాఫైట్ పొడి వేశాడు. తర్వాత రంగు వేశాడు. పిల్ల బడి నుంచి వచ్చి "ఏం చేశావ్?" అంది. "దుమ్ము దులిపా" అన్నాడు. "నా కారుకి నీలం రంగు కదా వెయ్యాలనుకున్నాం" అంది. కారు అప్పటికి ఆకుపచ్చగా ఉంది.

బరువు చాలకపోతే చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు తెచ్చి తోకలో దట్టించాను అంటే ఆయన దట్టించాడు. ("దట్టించాను" అన్నది కొట్టేసినా కనబడుతోంది. కాగితం వృథా ఎందుకని మళ్ళీ రాయలేదు.) పిల్ల చూసి "బరువంతా వెనకే పెడితే ముక్కు లేస్తుంది, ఊగుడుబల్ల లాగా" అంది. "అది భౌతిక శాస్త్రం, నీకు తెలీదులే" అన్నాడు ఆయన. ఆయన చదివింది ఎనిమిది. భౌతిక శాస్త్రం తొమ్మిదిలో ఉండేది.

ఇదంతా సాయమేనా?

ఇట్లు,
ఆర్విడ్

తా.క. గ్రాఫైట్ పొడి వేళ్ళకి అంటితే వదలదు. ఫ్రిజ్ పిడి, దిండు, రొట్టె, అన్నీ నల్లబడ్డాయి. ఆయన కుక్క తెల్లది. అంటే మొన్నటిదాకా.


నార్‌బీ
శుక్రవారం

ఆర్విడ్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇది సాయం కాదండీ, ఆక్రమణ!

మీరు పేరు రాయకపోయినా ఆ ఒకాయన ఎవరో నేను ఊహించుకోగలను. పోయిన ఏడాది గెలిచిన కారు గుర్తుందా? డ్వేన్ ఓబర్గ్ కొడుకుది. "నీ కారు ఏ రంగురా?" అని అడిగితే ఆ పిల్లాడు తండ్రి ముఖం చూశాడు. ఇలాంటివాళ్ళని పట్టించడానికి మీలాంటి నోరులేని మనిషి ముందుకు రావడం చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి.

కాఫీ హోటల్లోనూ చర్చి తలుపు మీదా నోటీసు అంటించాను: "కార్ల పందెం విషయంలో ఒకాయన మీద సమాచారం అందింది. ఆయనెవరో ఆయనకి తెలుసు. ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర మగవాళ్ళందరి వేళ్ళూ చూడబడును." సమాచారం ఇచ్చింది మీరని ఎవరికీ చెప్పలేదు. గోర్డీకి తప్ప. ఆయన నా భర్త కాబట్టి లెక్కలోకి రాడు.

ఇట్లు,
మార్లిస్

తా.క. గోర్డీ కాఫీ హోటల్లో చెప్పాడట. కాబట్టి లెక్కలోకి వస్తాడు.


నార్‌బీ
ఆదివారం, సాయంత్రం

మార్లిస్ గారికి,

నమస్కారాలు. దయచేసి నోటీసు తీసేయండి.

ఇవాళ మీరూ చూశారు. చర్చిలో మగవాళ్ళందరూ ఉన్ని చేతితొడుగులతో కూర్చున్నారు. పాటల పుస్తకంలో పేజీ ఒక్కడూ తిప్పలేకపోయాడు. అందరం మొదటి చరణమే పాడాం. కాఫీ దగ్గర డ్వేన్ నా పక్కన నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, చేతులకేమైంది?" అన్నాడు.

"చలి. నీకో?"

"నాకూ చలే." మెడ తుడుచుకుని, "వేడి పెంచినట్టున్నారు, చెమట పడుతోంది కదూ?" అన్నాడు.

"ఊ."

"మా ఇంటి గ్యారేజీ కిటికీకి తెర కట్టాలనుకుంటున్నా. నీకు... అటు నడిచే అలవాటుందా?"

నేను కాఫీ ఊదుకుంటూ ఒక గుక్క తాగాను. డ్వేన్ ముఖం పాలిపోయింది. కప్పు చేతితొడుగులోంచి జారి మన పాస్టర్ ఆవిడ బూట్ల మీద పడింది.

డ్వేన్ మంచివాడు. మంచు పడితే నా వాకిలి కూడా ఊడుస్తాడు. నేను అతని గురించి రాయలేదు. ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు. సందేహం అడిగాను, అంతే.

ఇట్లు,
ఆర్విడ్

తా.క. నా చేతితొడుగులు మాత్రం నిజంగానే చలికి.


నార్‌బీ
బుధవారం

ఆర్విడ్ గారికి,

నమస్కారాలు. నోటీసు తీసేశాను. కానీ అది చెయ్యాల్సిన పని చేసేసింది.

సోమవారం డ్వేన్ లైబ్రరీకి వచ్చి, తలుపు మూసి, "పెద్దాయన కిటికీలోంచి చూశాడు కదా, ఇంకా దాచడం ఎందుకు" అని మొత్తం చెప్పేశాడు. ఆయన వెనకే పళ్ళ డాక్టరు వచ్చాడు. పళ్ళు తొలిచే మిషనుతో చక్రాలు తొలిచాడట! ఆ తర్వాత బస్సు డ్రైవరు. ఆ తర్వాత పాస్టర్ గారి భర్త. ఆయన ఏడుపు ఒక్కటే తక్కువ. రాత్రి భోజనం దగ్గర గోర్డీ ఫోర్కు కింద పెట్టి, "మార్లిస్, ఆర్విడ్ చూసింది నన్నేనా?" అన్నాడు. మా ఇంట్లో చిన్నపిల్లలే లేరండీ! పక్కింటి పిల్లాడిది తెచ్చి మా బేస్‌మెంటులో చేస్తున్నాడట!

అందరూ ఒప్పుకున్నారు, కానీ ఎవరూ మీరు రాసినవాడితో సరిపోవడం లేదు. ఒకరికి కుక్క లేదు, ఒకరికి కుక్క ఉన్నా నల్లది. ఊరంతా మీరంటే భయపడుతోంది. మీరు వీధిలో నడుస్తుంటే గ్యారేజీ దీపాలు ఆరిపోతున్నాయని గోర్డీ చెప్పాడు. తప్పు చేసిన కార్లన్నీ తీసేస్తే పందేనికి మూడే మిగులుతాయి.

ఆ ఒకాయన ఎవరో తేలితేనే గానీ నేను ఏమీ నిర్ణయించలేను.

ఇట్లు,
మార్లిస్

తా.క. మీ వాకిలి ఇవాళ రెండుసార్లు ఊడ్చి ఉందని విన్నాను. మంచు పడకుండానే.


నార్‌బీ
గురువారం

మార్లిస్ గారికి,

ఆ ఒకాయన నేనే.

మీరు నమ్మలేరని తెలుసు. అంత నమ్మకంగా దాచాను.

సిగ్నీ, వాళ్ళమ్మ కారిన్ శరదృతువులో మా ఇంటికి వచ్చారు. కారిన్‌కి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు పని. నేనూ పిల్లా ఇంట్లో. ఇద్దరమూ మాటలు తక్కువవాళ్ళమే. మా ఇంట్లో మాట్లాడేది రేడియో.

డబ్బా వచ్చిన రోజు పిల్ల ఒక్క సంగతి చెప్పింది. పోయిన ఏడాది వాళ్ళ పాత ఊళ్ళో తన కారు ముగింపు గీత దాటకుండానే ఆగిపోయిందట. హాలంతా నిశ్శబ్దమైపోయిందట. తను నడుచుకుంటూ వెళ్ళి చేత్తో తీసుకొచ్చుకుందట. "ఈసారి గీత దాటితే చాలు తాతా" అంది.

అది చాలు అంది. నేను వినలేదు. ఊళ్ళో అందరికంటే ముందు దాటించాలనుకున్నాను. పిల్ల కోసం అనుకున్నాను. రంపం పట్టుకున్నాక ఎవరి కోసమో మర్చిపోయాను.

ఇప్పుడు తను ఆ కారుని ముట్టుకోదు. దుకాణం అద్దంలో వస్తువుని చూసినట్టు చూసి వెళ్ళిపోతుంది. నేను చేసిన కారుని తీసేయండి. పిల్ల పేరు కొట్టేయకండి. ఈసారి కూడా తను గీత దాటకపోతే, ఆపినవాణ్ణి నేనే అవుతాను.

ఆర్విడ్

తా.క. ఒక్కటే మంచి. బడి అయ్యాక రోజూ మీ లైబ్రరీకే వస్తోంది. చదువు మీద శ్రద్ధ పెరిగినట్టుంది.


నార్‌బీ
శుక్రవారం

ఆర్విడ్ గారికి,

శనివారం పది గంటలకి చర్చి బేస్‌మెంటుకి రండి. ఆకుపచ్చ కారు తీసుకురండి. పేరు రాసే చోట మీ పేరు రాయండి. చేతితొడుగులు అక్కర్లేదు.

మార్లిస్

తా.క. మిగతావాళ్ళకీ ఇదే ఉత్తరం పంపాను. డ్వేన్ తెర విప్పేశాడు.


నార్‌బీ
ఆదివారం

మార్లిస్ గారికి,

నమస్కారాలు. నిన్న జరిగింది మీకు తెలిసిందే. అయినా రాసుకుంటే నాకు నమ్మకం కుదురుతుందని రాస్తున్నాను.

ముందు పెద్దవాళ్ళ పందెం అన్నారు. నల్ల వేళ్ళ మగవాళ్ళందరం తల వంచుకుని కార్లు పెట్టాం. పిల్లలు బల్లలెక్కి అరిచారు. సిగ్నీ నా వెనక నిలబడి "ముక్కు, తాతా" అంది. అంతే అంది.

మీరు కార్లని ఆపి ఉంచిన మీట వదిలారు. నా కారు ముందుకు దూకింది. నాలుగడుగులు అందరికంటే ముందుంది. అది మీరు గమనించారో లేదో. తర్వాత ముక్కు లేచింది. తర్వాత మొత్తం లేచింది. బల్ల దాటి, పాస్టర్ గారి భుజం పక్కనుంచి, బన్నుల్లోకి వండిన మాంసం కూర గిన్నెలో పడింది. డ్వేన్ "పెద్దాయనా, నీ బండి అందరికంటే ముందు భోజనానికి వెళ్ళిపోయిందయ్యా!" అన్నాడు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. జనంలో గొంతు విప్పి నవ్వడం ఎప్పుడు నేర్చుకున్నానో తెలియదు.

తర్వాత పిల్లల పందెం. సిగ్నీ సంచిలోంచి ఒక కారు తీసింది. నేనెప్పుడూ చూడని కారు. నీలం రంగు. వెన్న ముద్ద లాగా ఉంది. ఒక చక్రం వంకరగా తిరుగుతోంది. నా చేతులు వాటంతటవే లేచాయి. జేబుల్లో పెట్టుకున్నాను.

అది మెల్లగా వెళ్ళింది. మూడు కార్లు దాని ముందే వెళ్ళిపోయాయి. గీత దగ్గర కొంచెం తడబడింది. దాటింది.

"దాటింది" అంది సిగ్నీ.

"దాటింది" అన్నాను.

ఈ మధ్య మా ఇద్దరి మధ్య ఇంత సంభాషణ జరగలేదు.

ఆ కారు ఎక్కడిదని అడిగాను. "నాకు తెలిసిన ఒకావిడ డబ్బా ఇచ్చింది" అంది. ఇంకేమీ చెప్పడం లేదు. మీకేమైనా తెలుసా?

ఇట్లు,
ఆర్విడ్

తా.క. కూర తిన్నవాళ్ళలో ఎవరికైనా చక్రం దొరికితే పంపమనండి. మూడే ఉన్నాయి.


నార్‌బీ
మంగళవారం

ఆర్విడ్ గారికి,

నమస్కారాలు. తెలుసు.

మీ మొదటి ఉత్తరం కంతలో పడటానికి ముందురోజు సాయంత్రం సిగ్నీ నా బల్ల దగ్గరికి వచ్చింది. రెండుసార్లు వచ్చి, నేను తలెత్తగానే, ఏదో పుస్తకం తీసుకుని వెళ్ళింది. మూడోసారి నిలబడి నేల చూస్తూ అంది: "నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. వాళ్ళ తాత కారు చేస్తూ ఈల వేస్తున్నాడు. ఆయన ఈల వెయ్యడం ఆ అమ్మాయి ఎప్పుడూ వినలేదు. కారు అడిగితే ఈల ఆపేస్తాడు. కానీ ఆ అమ్మాయి గీత దాటాలి. ఇంకో డబ్బా ఉంటుందా? తాతలకి కూడా పందెం ఉంటుందా?"

డబ్బా ఇచ్చాను. వెనక గదిలో బల్ల ఇచ్చాను. రోజూ వచ్చి తనే రుద్దుకుంది. తాతల పందెం కావాలంటే తాత ఒక్కడే ఉంటే ఎలా? అందుకే ఆ నోటీసు. ఇంతమంది దొరుకుతారనుకోలేదు. మా ఇంట్లోనే ఒకడు దొరుకుతాడని అసలే అనుకోలేదు.

మీ రహస్యం మాత్రం మొదటి ఉత్తరంలోనే తెలుసు. ఈ ఊళ్ళో తెల్లకుక్క మీదొక్కటేనని రెండో ఉత్తరంలో రూఢి అయింది. మీరెప్పుడు ఒప్పుకుంటారోనని ఆగాను.

ఇకనుంచి నేను తలెత్తినా లోపలికి రండి.

ఇట్లు,
మార్లిస్

తా.క. చక్రం దొరికింది. గోర్డీకి, పంటి కింద. పళ్ళ డాక్టరు ఉచితంగా చూస్తానన్నాడు.

మళ్ళీ తా.క. నిన్న సాయంత్రం సిగ్నీ వచ్చి ఒక సందేహం అడిగింది. తనది కాదట. "నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. వచ్చే ఏడాది తాతల పందేనికి వాళ్ళ తాత కారు చేసేటప్పుడు ఆ అమ్మాయి సాయం చెయ్యవచ్చా? సాయం అంటే ఎంత?" రంపం దాకా వద్దు, ముక్కు సంగతి మాత్రం పూర్తిగా తనే చూసుకోమన్నాను.