యాదమ్మ దాచిన కంప్యూటర్ వైరు

లాలాగూడ, 2003 జులై, మంగళవారం రాత్రి

నిన్న ఇదే డైరీలో “క్షయ క్రిములన్నీ ఒకటే” అని రాశావు. తప్పు. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినదానివి, ఇవాళ మనవరాలు శిరీష చేత సున్నా వేయించుకున్నావు.

పక్కింటి యాదమ్మ కోడలు సునీత మెదడుకొచ్చిన క్షయ నుంచి కోలుకుంటోంది. రోజుకు రెండు గంటలు ఇంటి నుంచే కంప్యూటర్ మీద పని చేయమంది కంపెనీ. డాక్టరూ సరేనన్నాడు. సోమవారానికి మొదలుపెట్టకపోతే ఉద్యోగం పోతుంది. యాదమ్మేమో కంప్యూటర్ వైరు పీకి ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టింది.

“నాకు సుత ఎనకట టీబీ అయింది కద టీచరమ్మా, ఊపిరితిత్తులల్లనే ఉన్నది. గీ పిల్లకే తలకెందుకెక్కింది? గా కంప్యూటర్ డబ్బాతోనే!”

ఆ క్రిముల మీదే ల్యాబులో పనిచేసే శిరీష చెప్పింది: “అందులో రకాలుంటాయి ఆంటీ. కొన్ని రాగానే ఒళ్ళు మేలుకుని ఊపిరితిత్తుల్లోనే అడ్డుకుంటుంది. కొన్ని చప్పుడు చేయకుండా రక్తంలో కలిసి మెదడు దాకా పోతాయేమో అనుకుంటున్నాం. మనిషి ఒంటి తీరును బట్టి కూడా ఉంటుంది. ఇంకా పూర్తిగా తేలలేదు.”

“తేలనప్పుడు డబ్బానెట్ల ఇడుస్తవ్ బిడ్డా?”

నువ్వు ఊరుకోలేకపోయావు. “నీకు ఊపిరితిత్తులకొచ్చినప్పుడు పొయ్యి ఊదే గొట్టాన్ని ట్రంకులో పెట్టావా యాదమ్మా?”

ముందు సునీత నవ్వింది. నెలల తర్వాత ఆ నవ్వు విని, యాదమ్మ కొంగుముడిలోంచి తాళంచెవి తీసింది.

ఆ క్రిమికి మెదడు దారి ఎవరు చూపిస్తారో మరి...

వానలకు ఆ తాళం తుప్పుపట్టి తిరగలేదు. రేపు పొద్దున్నే కుట్టుమిషను నూనె పట్టుకెళ్ళు. రెండు చుక్కలు చాలు. సీసా మాత్రం అక్కడ మరిచిరాకు.